ఏడో అక్షరం

మేరీరాణి సాల్ట్ లేక్‌లోని ఆ కొట్లో చేరేనాటికి పిల్లుల గురించి ఆమెకు తెలిసింది ఒక్కటే: అవి చేపలు తింటాయి, పెట్టకపోతే ఎత్తుకుపోతాయి. అంతకుముందు నాలుగేళ్లు ఒక చీరల దుకాణంలో పనిచేసింది. చీర అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి నూలు ఎంతో పట్టు ఎంతో చెప్పగలిగేది. ఆ దుకాణం మూతపడింది. కార్పొరేషన్‌లో వీధులూడ్చే వాళ్లమ్మ రాజకుమారి ఎవరెవరినో అడిగి ఇక్కడ పెట్టించింది. కుక్కలకూ పిల్లులకూ తిండి, బెల్టులు, సబ్బులు, బొమ్మలు అమ్మే కొట్టు. యజమాని ఆశిష్ నెమ్మదైన బెంగాలీ. నలభై ఐదేళ్లుంటాయి. ఎప్పుడూ ఫోనులో ఎవరితోనో సరుకు గురించి మాట్లాడుతూనే ఉంటాడు.

కొట్లో ఒక గోడ నిండా పిల్లుల డబ్బాలే. మొదటి రోజే లెక్కపెట్టింది. నలభై మూడు రకాలు. ట్యూనా, సార్డీన్, కోడి, కోడిలో గుమ్మడికాయ. గ్రేవీతో కొన్ని, జెల్లీతో కొన్ని. పిల్లకూనలకు వేరు, ఏడాది దాటినవాటికి వేరు, లావెక్కినవాటికి వేరు, ఇల్లు కదలనివాటికి వేరు.

"ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి ఆశిష్‌దా?" అని బెంగాలీలో అడిగింది.

"కళ్లకు ఎదురుగా ఉన్న వరసలోంచి ఇవ్వు" అన్నాడు ఆశిష్. "వాళ్లు చూసేది కూడా అక్కడే."

రెండో రోజు ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. పిల్లులకు పెట్టే ఎండు గింజల సంచి మీద ప్రోటీన్ ముప్పై రెండు శాతం అని ఉంది. డబ్బా మీద పది శాతమే ఉంది. తూకానికి చూస్తే డబ్బానే ఖరీదు. "తక్కువ ఉన్నదానికి ఎక్కువ ధరేంటి?" అని అడిగింది.

"డబ్బాలో నీళ్లు ఎక్కువ ఉంటాయి."

"నీళ్లకా డబ్బులు?"

"అలా కాదు..." అని ఆశిష్ మొదలుపెట్టేలోగా ఫోను మోగింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. రాత్రి ఇంటికి పోతూ బస్సులో కూడా ఆ పదీ ముప్పై రెండూ ఆమె తలలో తిరుగుతూనే ఉన్నాయి.

మూడో వారం శనివారం మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉంటే అమ్మకు ఫోను చేసి మాట్లాడుతోంది. "అన్నం తిన్నావేటే?" అని తల్లి, "తిన్నాను, ఇప్పుడేటి గొడవ" అని ఈమె. ఫోను పెట్టేసి చూస్తే గల్లా ముందు సెక్యూరిటీ గార్డు దుస్తుల్లో ఒకాయన నిలబడి ఉన్నాడు. అరవై దాటినవాడు. టోపీ చంకలో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడు.

"మనోళ్లేనేటమ్మా?"

"అవును బాబాయి. మీరూ తెలుగేనా?"

"సీకాకుళం దిక్కు. కళింగపట్నం దగ్గర. వొచ్చి నలబై రెండేళ్లయిపోనాది. ఓడల డాకులో సేసినాను. రిటైరయ్యాక ఇక్కడ సెక్టార్ ఫైవులో ఆఫీసు గేటు కాడ ఉంతన్నాను. పేరు నరసయ్య. ఇల్లు మెటియాబ్రుజ్."

మేరీరాణి తాతలదీ ఆ దిక్కేనని ఇంట్లో అంటారు. ఆమె మాత్రం ఎప్పుడూ చూడలేదు. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గాని చదవడం సరిగ్గా రాదు. హిందీ బడిలో చదువుకుంది. అయినా బయట, పని చేసేచోట, తెలుగు మాట వినబడేసరికి లోపల ఏదో వెచ్చగా అనిపించింది. స్టూలు లాగి కూర్చోమంది.

నరసయ్య వచ్చిన పని చెప్పాడు. ఇంట్లో ఒక పిల్లి ఉంది. తొమ్మిదేళ్లది. దాని పళ్లన్నీ పుచ్చిపోతే ఆసుపత్రిలో డాక్టరమ్మ పీకేసింది. ఇకనుంచి మెత్తటి డబ్బా తిండి పెట్టమంది. ఏ డబ్బా అన్నది ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు.

"ఆరోగ్యానికి బాగుండాల. మనకందేది అవ్వాల" అన్నాడు. "మా నారాయణమ్మకి పేణం అదంటే. సిలకమ్మకి ఏదన్నా అయితే అది అన్నం తినదు."

"చిలకమ్మా? పిల్లికి చిలకమ్మేటి బాబాయి?"

"సిలకని పెంచుకుందామనుకున్నాది మాయావిడ. పేరు కూడా పెట్టేసుకున్నాది. ఇంతలో పిల్లొచ్చి కూకున్నాది. మరి ఆ పేరేటి సేత్తాది?"

మేరీరాణి నవ్వింది. నవ్వుతూనే గోడకేసి తిరిగింది. తిరగ్గానే నవ్వు పోయింది. కళ్లకు ఎదురుగా ఉన్న వరసలో ధరలు చూస్తే ఈయనకు అందేవి కావు. ఒక దాని మీద పెద్ద డాక్టరు బొమ్మ ఉంది, లోపల ఏముందో బొమ్మను బట్టి తెలియదు. ఇంకోదాని మీద 'నేచురల్' అని ఆకుల మధ్య రాసుంది. పిల్లికి ఆకులెందుకో ఆమెకు అంతుపట్టలేదు. వరస చివర ఒక నీలం డబ్బా ఉంది. మిగతావాటికన్నా చవక. మూత మీద నిగనిగలాడే చేప ముక్క. దినుసులు చదివితే మూడే మాటలు: ట్యూనా, నీళ్లు, ఉప్పు. ఇంతకన్నా శుభ్రమైనది ఏముంటుంది అనుకుంది.

"ఇది బాగుంటాది బాబాయి. ఒట్టి చేపే. వేరేదేదీ కలపలేదు."

నరసయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి డబ్బాను చేయి చాచినంత దూరంలో పట్టుకున్నాడు. "నాకు ఇంగ్లీసు రాదు గానీ అచ్చరాలొచ్చును. పెట్టిల మీద గుర్తులు సూసీవోడ్ని కదా. ఇదేటమ్మా ఇంత పొడుగు మాటున్నాది? సీ, ఓ, ఎమ్, పీ, ఎల్, ఈ, ఎమ్..."

మేరీరాణి వంగి చూసింది. ఆ మాట ఆమెకు తెలుసు. చీరల దుకాణంలో పెళ్లి బట్టలు కొన్నవాళ్లకు చిన్న సంచీ ఇచ్చేవారు. దాన్ని కాంప్లిమెంటరీ అనేవారు.

"కాంప్లిమెంటరీ. మతలబ్, దీంతో ఏదో ఊరికే వస్తాది."

"ఏటొస్తాది?"

అది ఆమెకూ తెలియదు. డబ్బా అటూ ఇటూ తిప్పింది. ఆశిష్ వైపు తిరిగి అడిగితే అతను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని "కంపెనీవాళ్లు ఏదో ఒకటి ఇస్తుంటారు" అని చెయ్యి ఊపాడు. నరసయ్య ఆశగా చూస్తున్నాడు. తెలియదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మొదటిసారి ఒక తెలుగు మనిషి కొట్లోకి వచ్చి తనను నమ్మి అడిగితే, తెలియదంటే ఎలా? వెనక గదిలో ఎప్పటివో ప్లాస్టిక్ గిన్నెలు కొన్ని దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి తెచ్చి తుడిచి ఇచ్చింది.

"ఇదే బాబాయి."

ఆయన గిన్నెను, ఆరు డబ్బాలను సంచిలో వేసుకుని సంతోషంగా వెళ్లాడు.

తర్వాత ప్రతి శనివారం వచ్చేవాడు. సిలకమ్మ నీలం డబ్బా తప్ప ఇంకోటి ముట్టడం లేదని, గిన్నె నాకి నాకి మెరిపిస్తోందని చెప్పేవాడు. నారాయణమ్మ ఒకసారి కొబ్బరి ఉండలు, ఒకసారి ఎండు చేపల వేపుడు పంపింది. ఆమెను చూడకుండానే మేరీరాణికి ఆమె మీద ప్రేమ కలిగింది. ఇంట్లో తల్లితో "నాకు కూడా కొంచెం వస్తోంది ఈ పని" అని చెప్పుకుంది. ఇంకో నలుగురైదుగురు వచ్చి మంచిది, చవకది ఏదని అడిగితే ధైర్యంగా నీలం డబ్బానే చూపించింది.

ఎండలు ముదిరి, మొదటి వానలు పడ్డాయి. ఒక శనివారం నరసయ్య రాలేదు. వానవల్లనేమో అనుకుంది. మంగళవారం మధ్యాహ్నం భోజనం వేళ వచ్చాడు. టోపీ తలమీదే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సిలకమ్మ తాగినోడి నాగ నడుత్తంది పాపా. తల ఎత్తలేకపోతంది. గడ్డం వొచ్చి రొమ్ముకి అంటుకుపోతంది. కళ్లు సూత్తే నల్లగా ఇంతేసున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"నాలుగు దినాలు. పైనున్న దర్జీ మాస్టరు ఎలకల మందు తిన్నాదేమో అంటాడు. పక్కావిడ దిష్టి అంటాది. మందుల కొట్టోడు సెవిలో పుండంటాడు. మా నారాయణమ్మేమో..." అని ఆగాడు.

"ఏమంటాది?"

"ఆ డబ్బాలో ఏటున్నాదో ఆ పిల్లనడిగి రమ్మన్నాది."

మేరీరాణి వరస చివర నుంచి ఒక నీలం డబ్బా తీసింది. డబ్బాలో చేప ఉంది. చేప తింటే పిల్లికి ఏమవుతుంది? తారీకు చూసింది, ఇంకా ఏడాదిన్నర ఉంది. మూత ఉబ్బలేదు. పాడైన సరుకు కాదు. ఆశిష్‌ను అడిగితే అతను ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు: "పిల్లులకు జబ్బులొస్తాయి. మన డబ్బా వల్లేనని నీ నోటితో నువ్వు అనకు. డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పు, అంతే."

అది తప్పు సలహా కూడా కాదు. ఆమె అదే చెప్పింది. కాని నరసయ్య బయటికి వెళ్లాక తన నోటి నుంచి వచ్చిన ఆ మాటలు తనవి కావని ఆమెకు అనిపించింది. రోడ్డు మీదికి పరుగెత్తి, బస్సు కోసం నిలబడ్డ ఆయన దగ్గరికి వెళ్లింది.

"గురువారం నాకు సెలవు బాబాయి. అప్పటిదాకా ఆగొద్దు, రేపే తీసుకెళ్లండి. రేపు కుదరదంటే గురువారం నేనూ వస్తాను."

బుధవారం నరసయ్యకు సెలవు దొరకలేదు. గురువారం పొద్దున్న జంతువుల ఆసుపత్రి గేటు దగ్గర మేరీరాణి మొదటిసారి నారాయణమ్మను చూసింది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు గట్టిగా ముడివేసుకుంది. ఒళ్లో కూరగాయల బుట్ట, దాని మీద పాత చీర ముక్క. బుట్టలో పసుపు తెలుపు మచ్చల పిల్లి. తల కిందికి వేలాడేసి, మనుషుల్ని చూడాలన్నా చూడలేనట్టు ముడుచుకుని ఉంది. నారాయణమ్మ మేరీరాణిని ఎగాదిగా చూసి, "నువ్వేనా" అని ఊరుకుంది.

లోపల డాక్టరు ఒక బెంగాలీ అమ్మాయి. మేరీరాణికన్నా పెద్దదేం కాదు. పిల్లి తలను రెండు చేతులతో ఎత్తి వదిలింది. తల మళ్లీ వాలిపోయింది. కళ్లలో టార్చి వేసింది, చెవులు చూసింది. అప్పుడు అడిగింది: "ఏం తింటుంది?"

మేరీరాణి సంచిలోంచి నీలం డబ్బా తీసి ఇచ్చింది.

"దీంతో పాటు?"

"ఇదొక్కటే" అంది.

"ఎన్నాళ్లుగా?"

"మూడు నెలలు దాటింది."

డాక్టరు డబ్బాను తిరగేసింది. వెనక వైపు చిన్న అక్షరాల మీద గోరు పెట్టి చూపించింది. "ఇక్కడ కాంప్లిమెంటరీ అని ఉంది చూశారా?"

"చూశాం" అంది మేరీరాణి. "ఊరికే ఇచ్చేది అని కదా?"

డాక్టరు ఒక్క క్షణం అర్థంకానట్టు చూసింది. తర్వాత అర్థమై, నవ్వకుండా, కాగితం మీద రెండు మాటలు ఒకదాని కింద ఒకటి రాసింది. "ఊరికే ఇచ్చేది అంటే పైన రాసిన మాట. దాని మధ్యలో 'ఐ' అక్షరం ఉంటుంది. డబ్బా మీది మాటలో 'ఈ' అక్షరం ఉంది. పలకడం ఒకలాగే పలుకుతాం. డబ్బా మీది దాని అర్థం వేరు. ఇది పూర్తి భోజనం కాదు, భోజనంలోకి నంజుకునేది అని. మీరు అన్నం మానేసి మూడు నెలలు ఒట్టి వేపుడే తిన్నారనుకోండి. పిల్లి ఒంటికి కావలసిన విటమిన్లు కొన్ని ఇందులో వెయ్యరు. వెయ్యలేదని వాళ్లే రాశారు."

"అయితే దీనివల్లేనా ఇలా అయింది?"

"అయి ఉండొచ్చు. బీ వన్ విటమిన్ తక్కువైతే మెడ ఇలాగే వాలుతుంది. కాని లోపలి చెవిలో జబ్బు ఉన్నా నడక తూలుతుంది. ఇప్పుడే ఖాయంగా చెప్పలేను. బీ వన్ సూదిమందు వేసి చూద్దాం. రెండు మూడు రోజుల్లో తల ఎత్తితే అదే అనుకోవాలి."

మేరీరాణి ఇదంతా తెలుగులో చెప్పింది. చెబుతుంటే మధ్యలో మాటలు దొరకలేదు. కొంత హిందీ, కొంత బెంగాలీ కలిసిపోయాయి. నరసయ్య డబ్బాను చేతిలోకి తీసుకుని మళ్లీ దూరంగా పట్టి చూశాడు.

"ఈ మాట నేనడిగినాను కదమ్మా ఆ దినం" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఇంకా బాధ కలిగింది.

"అడిగారు బాబాయి. నాకు తెలీదు. తెలుసనుకున్నాను. గిన్నె కంపెనీ ఇచ్చింది కాదు. నేనే వెతికి తెచ్చి ఇచ్చాను."

సూది పడగానే పిల్లి చిన్నగా మూలిగింది. నారాయణమ్మ చీర ముక్క సర్ది, పిల్లి వీపు మీద చెయ్యి వేసి ఉంచి, అప్పుడు అంది:

"తెలీదని సెప్పుంటే ఇంకొకర్ని అడుగుదుము కదా గుంటా. తెలీకపోతే తప్పేటున్నాది?"

మేరీరాణి ఏడవకూడదనుకుంది. ఏడ్చింది. నారాయణమ్మ ఆపమనీ అనలేదు, ఓదార్చనూ లేదు. బుట్ట ఒక పక్క తను పట్టుకుని, రెండో పక్క పట్టుకొమ్మన్నట్టు చూసింది.

వెళ్లేముందు మేరీరాణి మళ్లీ డాక్టరు గదిలోకి వెళ్లి, మరి ఏది కొనాలని అడిగింది. డాక్టరుకు తీరిక లేదు. అయినా గబగబా నాలుగు ముక్కలు చెప్పింది. కంప్లీట్ అని రాసి ఉండాలి. పిల్లి వయసుకు తగ్గది అయి ఉండాలి. డబ్బా ధర చూసి మోసపోవద్దు, రోజుకు ఎంత పెట్టాలో వెనక రాసి ఉంటుంది, దాన్ని బట్టి రోజుకు ఎంత పడుతుందో చూసుకోవాలి. చిన్న డబ్బాలు మూడు కొనేకంటే పెద్దది ఒకటి కొని, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజుల్లో వాడేస్తే చవక. ఖరీదైనదల్లా మంచిదేం కాదు.

"ప్రోటీన్ పది, ముప్పై రెండు..." అని మేరీరాణి మొదలుపెట్టింది.

"డబ్బాలో నూటికి ఎనభై వంతులు నీళ్లే. ఆ నీళ్లు తీసేసి మిగిలిన ఇరవైలో పది ప్రోటీన్. అంటే సగం. ఇప్పుడు చెప్పండి, ఏది ఎక్కువ?"

మేరీరాణి గుమ్మంలో నిలబడి లెక్క వేసుకుంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి కుదిరినట్టే అనిపించింది.

బయట చెట్టు కింద నరసయ్య కాగితం మీది మాటల్నే చూస్తున్నాడు. డాక్టరు రాసిన వాటి కింద మేరీరాణి కంప్లీట్ అన్న మాట కూడా రాసి చూపించింది.

"ఆగమ్మా" అన్నాడాయన. వేలు పెట్టి ఒక్కో అక్షరమే జరిపాడు. "సీ, ఓ, ఎమ్, పీ, ఎల్, ఈ. ఆరు అచ్చరాలు రెండిటికీ ఒకటే. ఏడోదే తేడా. ఇందులో టీ, అందులో ఎమ్. ఏడోది టీ ఉంటే బోజనం, ఎమ్ ఉంటే నంజుడు. అంతేనా?"

"అంతే బాబాయి."

"ఇంతకన్నా పెద్ద మార్కులు సూసి ఓడలకి సరుకెక్కించినాను" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మేరీరాణి గంట ముందే కొట్టుకు వెళ్లింది. నలభై మూడు రకాలూ గోడ మీద నుంచి దించి, ఒక్కొక్కటే తిరగేసి ఏడో అక్షరం చూసింది. కొన్నిటి మీద కనబడలేదు. స్టిక్కరు కింద దాగింది, గోరుతో గీకాల్సి వచ్చింది. రెండిటి మీద ఇంగ్లీషే లేదు. మొత్తం మీద పంతొమ్మిది రకాలు నంజుడువి. వాటిలో ఎనిమిది కళ్లకు ఎదురుగా ఉండే వరసలోవి, నేచురల్ అని ఆకులున్న ఖరీదైనది కూడా అందులోదే. కింద నేలకు ఆనుకుని, సంచుల వెనక, ఎవరూ వంగి చూడని చోట పెద్ద ఎర్ర డబ్బాలు ఉన్నాయి. బొమ్మ కూడా సరిగ్గా అచ్చుపడలేదు. వాటి మీద టీ ఉంది.

ఆశిష్ వచ్చి నేలంతా డబ్బాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం జరుగుతోంది ఇక్కడ?"

ఆమె చెప్పింది. అతను ఒక డబ్బా తీసుకుని చదివాడు, ఇంకోటి తీసుకుని చదివాడు. కొంచెంసేపటికి స్టూలు మీద కూర్చున్నాడు.

"తొమ్మిదేళ్ల నుంచి అమ్ముతున్నాను" అన్నాడు. "మా ఇంట్లో పిల్లి లేదు. ఎప్పుడూ వెనక్కి తిప్పి చూడలేదు."

"ఎర్రవి పైకి పెట్టనా?"

"ఆ వరస నాది కాదు. అక్కడ వాళ్లవి పెట్టినందుకు కంపెనీ ఏడాదికి ఇంతని ఇస్తుంది. కాగితం రాసుకున్నాం." తల గోక్కున్నాడు. "డబ్బాలు అక్కడే ఉండనీ. అడిగినవాళ్లకు నువ్వు చెప్పు. చెప్పొద్దని నేను అనను."

అది న్యాయమో కాదో ఆమెకు తేలలేదు. డబ్బాలన్నీ తిరిగి పైకి పెట్టింది. తర్వాత నీలం డబ్బాలు తన చేతి మీదుగా కొనుక్కున్నవాళ్లలో నంబర్లున్న నలుగురికి ఫోను చేసింది. ఒకావిడ కృతజ్ఞతలు చెప్పింది. ఒకాయన మండిపడి, ఇప్పుడా చెప్పేది అన్నాడు. ఇంకొకాయన తన పిల్లి ఆ డబ్బాతో పాటు చేపా కోడి కాలేయమూ అన్నీ తింటుందని, గుండ్రాయిలా ఉందని నవ్వాడు. నాలుగో ఆవిడ అసలు ఎవరు మాట్లాడుతున్నారని అడిగి పెట్టేసింది. నాలుగిళ్లలో ఏ పిల్లికీ జబ్బు చేసిందని ఎవరూ అనలేదు. మేరీరాణికి మళ్లీ అనుమానం మొదలైంది. అయితే సిలకమ్మ చెవి జబ్బేనేమో. కాదేమో.

ఆదివారం సాయంత్రం నరసయ్య ఫోను చేశాడు. "తల ఎత్తినాది పాపా. పూర్తిగా కాదు. కిటికీ కాడ కాకిని సూడ్డానికి ఎత్తినాది."

"నిజంగానా?"

"మా నారాయణమ్మ గోడకానుకుని కూకున్నాది. పిలిత్తే పలకడం లేదు. ఏడుత్తందో నవ్వుతందో నాకు తెలట్లేదు."

మరో పదిహేను రోజులకు పిల్లి తిన్నగా నడిచింది. మంచం మీదికి దూకబోయి ఇప్పటికీ ఒక్కోసారి అందక జారిపోతుందట. ఆ లోపం పోతుందో ఉండిపోతుందో చూడాలని డాక్టరు అంది. అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. ఎర్ర డబ్బా మూత తీస్తే సిలకమ్మ వాసన చూసి, ముందు కాలితో నేలను గీకి, కప్పెట్టేసినట్టు చేసి వెళ్లిపోతోంది. రెండు రోజులు పస్తు ఉంది. మేరీరాణి డాక్టరుకు ఫోను చేసి అడిగి, నరసయ్యకు చెప్పింది: ఎర్రది గోరువెచ్చగా చేసి, మీద నీలం డబ్బాది ఒక్క చెంచా వెయ్యమని. మెల్లమెల్లగా ఆ చెంచా తగ్గించమని. వేస్తే తింది. తగ్గిస్తే మానేసింది. మళ్లీ వేశారు. పైన దర్జీ మాస్టరు ఇంట్లో ఫ్రిజ్ ఉంది. విప్పిన డబ్బా అక్కడ పెట్టుకుంటున్నారు. వాళ్ల కోడలు ఒకరోజు అదేదో కూరనుకుని వేడి చేసేసిందని నరసయ్య చెప్పాడు. తిన్నారో లేదో ఆయన అడగలేదట.

శ్రావణంలో ఒక గురువారం, సెలవైనా సరుకు దించుకోవడానికి మేరీరాణి కొట్టుకు వచ్చింది. పదకొండు గంటలకు తలుపు తోసుకుని నారాయణమ్మ లోపలికి వచ్చింది. ఒక్కతే. రెండు బస్సులు మారి, దారి అడుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ సాల్ట్ లేక్ చూడటం ఇదే మొదలు.

"బాబాయి రాలేదా పిన్నమ్మా?"

"ఆయనకి డూటీ ఉన్నాది. నేనే సూద్దామని వొచ్చినాను." గోడ ముందు నిలబడి పై నుంచి కింది దాకా చూసింది. "ఇవన్నీ పిల్లులకేనా?"

"అన్నీ పిల్లులకే."

"ఊళ్లో ఇన్ని పిల్లులున్నాయా?"

మేరీరాణి వంగి ఎర్ర డబ్బా తీసింది. నారాయణమ్మ అది చేతిలోకి తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేసింది. "సంచిలో ఎయ్యకు. ముందు సదువు. దీని మీద ఏటేటి రాసున్నాదో అంతా సదివి సెప్పు. ఒక్క ముక్క ఒగ్గీకు."

మేరీరాణి డబ్బాను వెలుతురు వైపు తిప్పి మొదలుపెట్టింది. కంప్లీట్, పెద్ద పిల్లులకు. కోడి, కోడి కాలేయం, చేప, నీళ్లు. తర్వాత పలకరాని పేర్లు వరసగా ఉన్నాయి. కొన్ని విటమిన్లని చెప్పింది. ఒక పేరు దగ్గర ఆగి, అక్షరాలు కూడబలుక్కుని, ఇది పిల్లి గుండెకూ కళ్లకూ కావాలని డాక్టరు చెప్పింది అంది. ప్రోటీన్ పది. కొవ్వు ఐదు. నీళ్లు ఎనభై. తర్వాతి మాట చదివి ఆగిపోయింది.

"ఏటి?"

"యాష్ అని ఉంది. రెండు శాతం."

"అంటే?"

"బూడిద."

నారాయణమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "బూడిదా? తిండిలో బూడిదెందుకు?"

మేరీరాణి మళ్లీ చదివింది. అదే మాట. పక్కనున్న డబ్బా తీసి చూసింది. అందులోనూ ఉంది, రెండున్నర. ఖరీదైన దాంట్లోనూ ఉంది. ఆశిష్‌ను పిలిచి చూపించింది. అతను కళ్లజోడు తీసి పెట్టుకుని చూసి, "నాకెప్పుడూ కనబడలేదే" అన్నాడు.

"తెలీదు పిన్నమ్మా" అంది మేరీరాణి. "ఎందుకేస్తారో, వేస్తారో లేదో కూడా నాకు తెలీదు. డాక్టరుకు ఫోను చేసి కనుక్కుంటాను. ఇప్పుడు రోగులుంటారు. కాసేపు పడుతుంది."

నారాయణమ్మ స్టూలు తనే లాక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుంది.

"కనుక్కో" అంది. "కూకుంతాను."